తీపి దాణా మీద అలిగిన మంద

నేను గొర్రెల దాణా తిన్నాను. పొరపాటున కాదు. నలుగురూ చూస్తుండగా సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, నమిలి మింగి, పైగా "ఆహా" అని కూడా అన్నాను. ఎవరో దాన్ని ఫోనులో పట్టారు. సాయంత్రానికి అది మా శాఖ వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది. నా పదవీ విరమణ సభలో మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఆ దాణా దగ్గరే మొదలుపెట్టారు. శాలువా కప్పించుకుని కూర్చున్నవాణ్ణి లేచి పారిపోలేను కదా, నవ్వుతూ కూర్చున్నాను.

కొత్తగా పశువైద్యంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోను చేసి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. అడ్డం తిరిగిన దూడని ఎలా తీశానో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి నాకూ ఉన్నాయి. కానీ పేరొచ్చిన కేసులు చెప్పడానికి మీకు వేరే పెద్దలున్నారు. పరువు పోయిన కేసు చెప్పేవాళ్లే తక్కువ, కాబట్టి ఆ లోటు నేను తీరుస్తాను.

అప్పుడు నేను కుందుర్పి వైపు ఒక పశువుల ఆసుపత్రిలో ఉండేవాణ్ణి. ఇంకొన్నేళ్లలో రిటైర్మెంటు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. వేసిన శనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. బీళ్లలో పచ్చ పరకన్నది కనిపించేది కాదు. మందలున్నవాళ్లలో కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు కర్ణాటక వైపు తోలుకుపోయారు. మిగిలినవాళ్ల కోసం మేత శిబిరం పెట్టారు, సంచులకొద్దీ దాణా వచ్చింది. చొప్ప ముక్కలు, తవుడు, గానుగ చెక్క, వాటన్నిటికీ బెల్లపు మడ్డి పట్టించిన దాణా. సంచి మూతి విప్పితే చాలు, తీపి వాసన గుప్పుమనేది. పక్క మండలంలో ఉన్న డాక్టరమ్మ, నాకంటే చాలా జూనియరు, తన శిబిరానికి మడ్డి కలపని ఉత్త మొక్కజొన్న చొప్ప తెప్పించుకుంది. "అమ్మాయ్, తీపి లేని మేత దండగ" అని ఆమెకి ఫోనులో పెద్ద క్లాసు పీకాను.

ఎందుకంటే రుచి అనే సబ్జెక్టు నా సొంత ఆస్తి అని నాకొక నమ్మకం. కాలేజీలో చదివేటప్పుడు పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. నాలుక మీది మొగ్గల్లో పుట్టిన కబురు మూడు జతల నరాల వెంట మెదడు కాండంలోకి పోతుంది. మెడ దాటి మెదడు మొదలయ్యే ఆ చోటే దాని మొదటి మజిలీ. అక్కడి నుంచి పైకి పోయి థలామస్ అనే చోట ఇంకోసారి చేతులు మారి, మెదడు పైపొరలో ఒక మడత వెనక దాక్కున్న ఇన్సులా అనే భాగానికి చేరుతుంది. అక్కడికి చేరాకే ఇది తీపి, ఇది చేదు అని జీవికి తెలుస్తుంది. ఎలుకకైనా గొర్రెకైనా మనిషికైనా దారి దాదాపు ఇదే, నడుమ మలుపుల్లో కొద్దిపాటి తేడాలుంటాయి. నేను ఆ దారంతా రంగు పెన్సిళ్లతో గీస్తే మా మాస్టారు నా పేపరు క్లాసులో అందరికీ చూపించారు. ఆ ఒక్క బొమ్మ మీద నేను సర్వీసంతా బతికేశాను. ఎక్కడ నలుగురు పోగైనా ఏదో వంకతో దాన్ని లాగి చెప్పేసేవాణ్ణి. మా అటెండరు నాకంటే చిన్నవాడే, నోరు మాత్రం నాకంటే పెద్దది. నేను "నాలుక" అనగానే వాడు "టీ తెస్తా సార్" అని లేచిపోయేవాడు.

ఇక శిబిరం సంగతి. మా శాఖలో ఒక పద్ధతి ఉంది. షామియానా వేసిన రోజే వెయ్యగలిగిన పనులన్నీ అందులో వేసెయ్యాలి. పై అధికారి వస్తున్నారని కబురు రాగానే నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఎలాగూ మందలన్నీ ఒకచోటికి వస్తాయి, కడుపులో పురుగులు పోవడానికి తాగించే నట్టల మందు కూడా ఆ పూటే పోసేస్తే పోలా? ముందు కొత్త దాణా, గొర్రెలు ఆబగా తింటుంటే ఫొటో, ఆ వెంటనే మందు. ఒకే ఖర్చు, ఒకే ఎండ. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అందరికంటే ముందు ఒప్పించింది ఒకామెని. గొర్రెల మీదే బతికే మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్దదే అయ్యుంటుంది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. మొగుడు లేడు. తండ్రి పెంచిన మందని తనే కాస్తోంది. ఆమె ఒప్పుకుంటే చుట్టుపక్కలవాళ్లంతా వస్తారని నా ఎత్తు.

"కొత్త మేత సారూ, అవి తింటాయో లేదో" అంది.

"తీపి అక్కా. పడిచస్తాయి. తినకపోతే నన్నడుగు."

"మా నాయన చేతి మంద ఇది. ఇవి పోతే నాకింగ బెంగుళూర్లో ఇటుకలు మోసే పనే. చూసి చెప్పు."

"అన్నీ చూసే చెబుతున్నా" అన్నాను. ఏం చూశానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ పొద్దున అంతా నేను అనుకున్నట్టే జరిగింది. గొర్రెలు దాణా మీద పడ్డాయి, ఫొటోలు వచ్చాయి, అధికారి నా భుజం తట్టారు. అవి మూతులు తుడుచుకునేలోపే మందు పోయడం మొదలుపెట్టాం. చూడి గొర్రెలకి మాత్రం ఆ మందు వద్దని విడిగా తీయించి, కలిసిపోకుండా వీపు మీద ఎర్ర రంగు పూయించాను. ఆ రోజు నేను సవ్యంగా చేసిన పని అదొక్కటే. మిగతావాటికి మోతాదు ఎప్పటి అలవాటు కొద్దీ పోసేశాం. కరువులో అవి సగం చిక్కిపోయాయి కదా, మందు కూడా తగ్గాలి కదా అన్నది ఆ హడావుడిలో నా బుర్రకి తట్టలేదు.

మధ్యాహ్నానికి గొర్రెలు తలలు వేలాడేశాయి. కొన్నిటికి నోట నురగ కారింది. ఆమె గాభరాగా ఫోను చేస్తే, "మందు పనిచేస్తోంది అక్కా, మంచిదే" అన్నాను. నా మాట నిజమే, సాయంత్రానికి అవి తేరుకుని లేచాయి. ఒక గండం గడిచిందని నేను కూడా లేచి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోను. "సారూ, ముట్టుకోల్యా."

"ఏం ముట్టుకోలేదు?"

"నీ తీపి దాణా. వాసన చూసి తలకాయ తిప్పుకుంటాండాయి. నీళ్లు తాగుతాండాయి, ఎండు తుమ్మ కొమ్మ ఏస్తే కొరుకుతాండాయి. దాన్ని మాత్రం ముట్టుకోవు."

అప్పటినుంచి మొదలయింది నా పరిశోధన. మొదట దాణా బూజు పట్టిందన్నాను. సంచులన్నీ విప్పి ఎండలో ఆరబోశాం, ఎక్కడా బూజు లేదు. తర్వాత బోరు నీళ్లలో ఉప్పెక్కువైందన్నాను. ఆ నీళ్లే అవి పుట్టినప్పటినుంచి తాగుతున్నాయని ఆమె చెప్పింది. తర్వాత నీలినాలుక జబ్బు అనుమానం వచ్చింది. ఒక్కో గొర్రె దవడ పట్టి నోరు తెరిచి చూశాను. నాలుకలన్నీ గులాబీ రంగులో నిగనిగలాడుతున్నాయి. నా వేళ్లు మాత్రం రెండు చోట్ల నలిగిపోయాయి.

మిగతా మందల పరిస్థితీ ఇదే, కానీ వాళ్ల ఇళ్ల దగ్గర పాత శనక్కాయ కట్టె, అంటే కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు చెట్టు, ఎంతో కొంత మిగిలుంది. అది వేసి నెట్టుకొచ్చారు. ఈమెకి పరక లేదు. ఊరి చుట్టూ ఉన్న తుమ్మ కొమ్మలు నరికి వేసింది, అవి ఎన్నాళ్లకని వస్తాయి? మంద రోజురోజుకీ కళ్లముందే క్షీణించింది. పక్కటెముకలు పైకి తేలాయి.

ఇంకో విచిత్రం కూడా చూశాను. వీపు మీద ఎర్ర రంగున్న గొర్రెలు మాత్రం తొట్టి చుట్టూ చేరి ఆ దాణానే పటపటా నమిలేస్తున్నాయి. "కడుపుతో ఉన్నవి కదా, ఆకలెక్కువ" అని వెంటనే కారణం చెప్పేశాను. నా దగ్గర కారణాలకి ఎప్పుడూ కొదవ లేదు.

ఆ రోజే దాణా తిన్నాను. ఊరివాళ్లు పోగయ్యారు. ఒకాయన, "ఇంత బాగుంటే నువ్వే తిను సారూ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మీకు ముందే చెప్పాను కదా, తిన్నాను. తవుడు గొంతుకి అడ్డం పడి కళ్లలో నీళ్లొచ్చాయి. అయినా "ఆహా" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? బొగ్గుముక్క తీసుకుని ఆమె ఇంటి గోడ మీద గొర్రె తలకాయ గీసి, నాలుక దగ్గర మొదలుపెట్టి, నరాలు, మెదడు కాండం, థలామస్, ఇన్సులా దాకా దారి మొత్తం వివరించాను. "ఇంత చక్కగా తీపి కబురు చేరుతుంటే అవి తినకపోవడానికి వీల్లేదు" అని ముగించాను.

ఆమె చివరిదాకా ఓపిగ్గా వింది. "దారంతా బాగుంది సారూ. గొర్రె యాల తినల్యా, అది చెప్పు."

మా అటెండరు గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు, వాడి భుజాలు ఊగుతున్నాయి.

"శనివారం సంతకి తోలుకుపోతా" అంది ఆమె. "ఇంగ నిలబెట్టుకునే శక్తి నాకు లేదు. చచ్చిపోయేదాని కంటే కోతకి పోయేది మేలు గదా." అరవలేదు, తిట్టలేదు. అందుకే నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. చచ్చేవాటికి మందిచ్చే ఉద్యోగం నాది, ఏ జబ్బూ లేని మందని నేను చేతులారా కసాయి బండి ఎక్కిస్తున్నాననిపించింది.

శనివారం పొద్దున ఆసుపత్రిలో దిగులుగా కూర్చున్నాను. మా అటెండరు ఇంట్లో ఏదో శుభకార్యం జరిగింది, డబ్బాలో ఓళిగలు, అదే బొబ్బట్లు, పట్టుకొచ్చాడు. నెయ్యి రాసి, వేడివేడిగా. నేను వద్దన్నాను.

"ఏం సార్, ఓళిగ గూడా వద్దంటారు? చక్కెర జబ్బా?"

"అదేం కాదు. చిన్నప్పుడు తాడిపత్రిలో ఒక పెళ్లికి పోయి ఓళిగలు తిన్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకటే వాంతులు. అప్పటినుంచి వాసనొస్తేనే కడుపులో తిప్పుతుంది."

"బస్సు పడక వాంతులైతే ఓళిగ ఏం జేసింది సార్ పాపం? పెళ్లిలో అన్నం గూడా తిని ఉంటారు గదా, అన్నం మానేసినారా?"

"అన్నం రోజూ తినేదే కదరా. ఓళిగ ఆ రోజే కొత్తగా..."

అక్కడ ఆగిపోయాను. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. వాడు కంగారుపడి, "సార్, ఏమైంది సార్?" అని మంచినీళ్లు తెచ్చాడు.

నేను ఊరూరా తిప్పిన ఆ బొమ్మలో ఒక ముక్క ఉంది. దాన్ని నేను ఎప్పుడూ గబగబా దాటేసేవాణ్ణి, ఎందుకంటే దానికి మార్కులు తక్కువ. నాలుక కబురు మెదడు కాండంలో దిగే ఆ మొదటి మజిలీ ఉంది చూశారా, కడుపు కబురు కూడా ఇంకో నరం వెంట వచ్చి అక్కడే దిగుతుంది. రెండూ పక్కపక్క వాకిళ్లు. అక్కడి నుంచి భయాలు దాచుకునే భాగానికీ దారి ఉంది. కొత్త రుచి ఒకటి నోట్లోకి వచ్చి, కాసేపటికి కడుపు తిప్పిందనుకోండి, మెదడు ఆ రెంటినీ ముడేసేస్తుంది. ఇక ఆ రుచి జోలికి పోవద్దని తీర్పు చెప్పేస్తుంది. తెలిసిన మేత మీద అనుమానపడదు, కొత్తదాని మీదే నేరం మోపుతుంది. విషపు ఆకులూ మంచి ఆకులూ కలిసి మొలిచే చోట మేసే జీవాలు బతికి బట్టకట్టింది ఈ తీర్పు పుణ్యానే. నా గొర్రెలు ఆ పొద్దున కొత్తగా తీపి దాణా తిన్నాయి. వెంటనే నేను మందు పోశాను, అదీ ఎక్కువగా. కడుపులో తిప్పింది. మందు తాగని ఎర్ర రంగు గొర్రెలకి ఏ బాధా లేదు, అందుకే అవి తింటున్నాయి. నీ ఆకలి సిద్ధాంతం తగలెయ్య అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"బండి తియ్యి. సంతకి" అన్నాను.

"ఓళిగలు?"

"బండి తియ్యరా బాబూ!"

దారిలో పక్క మండలం డాక్టరమ్మకి ఫోను చేశాను. మడ్డి కలపని చొప్ప కొన్ని సంచులు కావాలి, వెంటనే ఆటోలో వేసి సంతకి పంపమన్నాను. ఆ తీపి వాసన లేకపోతే అవి తింటాయని నా నమ్మకం.

"తీపి లేని మేత దండగ అన్నారు కదా సార్?" అంది.

"అన్నాను తల్లీ. గడ్డి తిని అన్నాను."

"దాణా సార్. వీడియో మాకూ వచ్చింది." అటువైపు నవ్వు వినిపించింది. కానీ మంచి పిల్ల, నవ్వుతూనే ఆటో మాట్లాడింది.

సంతలో మేం అడుగుపెట్టేసరికి ఆమె మంద ఒక పక్కన నిలబడి ఉంది. దాని ముందు వ్యాపారీ, ఆమె తరఫున బేరానికొచ్చిన తమ్ముడూ ఒకరికెదురుగా ఒకరు నిలబడ్డారు. ఇద్దరి చేతుల మీద ఒక తువ్వాల కప్పి ఉంది. ఆ ప్రాంతంలో జీవాల బేరం నోటితో జరగదు. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. వేళ్లు బిగిసి, చెయ్యి ఒకసారి ఊపితే బేరం ముగిసినట్టే, ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా మాట తిరగదు. మధ్యలో మూడోమనిషి ఆ గుడ్డ జోలికి పోకూడదు. అది సంతలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన మర్యాద. ఆమె వాళ్లకి వీపు పెట్టి, మంద వైపు కూడా చూడకుండా, ఎటో చూస్తూ నిలబడింది.

తమ్ముడి భుజం కదిలింది. చెయ్యి ఊపబోతున్నాడనిపించింది. "ఆగండి!" అని అరవాల్సింది. నేను అరవలేదు. పరుగెత్తుకుంటూ పోయి ఆ తువ్వాల లాగేశాను.

ఇద్దరి చేతులూ, పట్టుకున్న వేళ్లూ నలుగురి ముందూ బయటపడ్డాయి. ఇద్దరూ చప్పున చేతులు వెనక్కి తీసుకున్నారు, బట్టలు విప్పేసినంత సిగ్గుగా.

"ఏమప్పా, నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని వ్యాపారి నా మీదికొచ్చాడు. "బేరం మీద గుడ్డ లాగుతావా? ఏ ఊరు నీది?"

ఆమె తమ్ముడు నన్ను ఎగాదిగా చూసి, "అక్కా, దాణా తినిన సారు ఈయప్పేనా?" అన్నాడు.

చుట్టూ జనం మూగారు. నేను ఆయాసంతో వగరుస్తూ ఆమె వైపు తిరిగాను. "అక్కా, గొర్రెలకి ఏ జబ్బూ లేదు. వాటికి మేత మీద కోపం కాదు, ఆ తీపి మీద. మందు పోసి కడుపులో తిప్పించింది నేను. అవి నేరం దాణా మీద వేశాయి. ఆ తీపి లేని చొప్ప వస్తోంది. అది తింటాయి. అమ్మొద్దు."

ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది. "నీ మాట విని ఒకసారి కొత్త మేత పెట్టినా సారూ. మళ్లా నీ మాటే వినమంటాండావా?"

జీవితంలో మొదటిసారి ఏ కారణమూ చెప్పకుండా, "అవును" అన్నాను.

ఆమె ఒక గొర్రె వీపు మీద చెయ్యి వేసి వెన్నెముక వెంట కిందికీ పైకీ తడిమింది. తర్వాత వ్యాపారితో, "అన్నా, రోంతసేపు నిలబడు. ఆ మేత గూడా ముట్టుకోకుంటే నువ్వు అడిగిన ధరకే తోలుకుపో. మాట తప్పను" అంది.

"నా బండి నిండేదాంకా ఉంటా. ఆ తర్వాత నిలబడేది లేదు" అన్నాడు వ్యాపారి.

ఆ ఎదురుచూపు నన్నడగండి. వ్యాపారి బండిలోకి వాళ్లవీ వీళ్లవీ గొర్రెలు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. ఒక్కోదాని అరుపు నా చెవిలో గుచ్చుకుంటోంది. నేను రోడ్డు మీదికి పోయి చూసి వస్తున్నాను, మళ్లీ పోతున్నాను. ఆటోవాడికి ఫోను చేస్తే, "వస్తాండా సార్, వస్తాండా" అంటాడు. ఇంకొన్ని ఎక్కితే బండి నిండుతుందనగా, దుమ్ము లేపుకుంటూ ఆటో వచ్చింది.

మా అటెండరు బండికి కట్టి తెచ్చిన ప్లాస్టిక్ టబ్బులో చొప్ప కుమ్మరించాను. గొర్రెలు ముందుకొచ్చాయి. మూతులు పెట్టాయి. వాసన చూశాయి. తలలు తిప్పుకుని వెనక్కి పోయాయి.

వ్యాపారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యిందామ్మా?" అన్నాడు ఆమెతో. ఆమె తల దించుకుంది.

నేను వంగి టబ్బు వాసన చూశాను. తీపి కంపు. శిబిరంలో దాణా పెట్టిన టబ్బే, కడగను కూడా కడగలేదు. "ఒరేయ్, ఇంకో టబ్బు దొరకలేదా నీకు?" అని అటెండరు మీద అరిచాను.

"ఏదో ఒకటి కట్టుకోమన్నది మీరే గదా సార్!" అని వాడూ అంతే గట్టిగా అరిచాడు.

చుట్టూ చూశాను, ఏమీ లేదు. నా భుజం మీద మాత్రం వ్యాపారి తువ్వాల ఉంది. ఇందాకటి గాభరాలో అక్కడే ఉండిపోయింది. దాన్ని నేలమీద పరిచి, రెండో సంచి విప్పి చొప్ప దానిమీద పోశాను. "నా తువ్వాల!" అని వ్యాపారి కేక పెట్టాడు. నేను పట్టించుకోలేదు. గొర్రెలు కంగారుపడతాయని అందరినీ వెనక్కి నెట్టాను.

ముందుగా ఒక ముసలి గొర్రె వచ్చింది. మూతి పెట్టి ఊపిరి పీల్చింది. ఒక ముక్క పెదవులతో తీసుకుని, నమలకుండా అలాగే నిలబడింది. అది దవడ ఆడించింది. మళ్లీ వంగింది. ఈసారి నిండా నోట్లో పెట్టుకుంది. దాని పక్కన ఇంకోటి దూరింది. దాని వెనక ఇంకో నాలుగు. తువ్వాల కనబడకుండా పోయింది. మా అటెండరూ, ఆమె తమ్ముడూ మిగతా సంచులు కూడా విప్పి నేలమీదే పోశారు. మంద మొత్తం తలలు దించేసింది. కరకర నమిలే చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

మీకు అబద్ధం చెప్పను, నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాను. మా అటెండరు నమ్మలేదు, కానీ ఆ ఒక్కసారికి ఏమీ అనలేదు.

వ్యాపారి కాసేపు చూసి, "తింటాండే గొర్రెని అడిగితే నాకు పాపం తగులుతుంది. నా తువ్వాల ఇప్పించండప్పా, పోతా" అన్నాడు. దాన్ని గొర్రెల కాళ్ల కిందనుంచి లాగి ఇస్తే, అది ఏ రంగు తువ్వాలో గుర్తుపట్టడం కష్టమయింది. రెండు దులుపులు దులిపి భుజాన వేసుకుని పోయాడు. ఆ తర్వాత ఎన్నో సంతల్లో కనిపించాడు. నన్ను చూడగానే తువ్వాల చంకలో దాచుకునేవాడు.

మిగతా మందలకీ ఆ వారమే ఉత్త చొప్ప తెప్పించాం. పిల్లలూ, మీకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. కొత్త మేత పెట్టిన రోజు ఎట్టి పరిస్థితిలోనూ మందు తాగించకండి. షామియానా రెండోసారి వేస్తే వచ్చే నష్టం ఏమీ లేదు.

సంత పలచబడింది. ఆమె ఒక రాయి మీద కూలబడింది. గుడ్డ మూట విప్పితే అందులో రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి ఉన్నాయి. పొద్దున కట్టుకుని వచ్చిన మూట అలాగే ఉంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, "రెండు దినాల నుంచి ఏది తిన్నా మన్ను తిన్నట్టే ఉండె సారూ. ఇప్పుడు ఉప్పు తెలుస్తాంది" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

కాసేపు తింటూ గొర్రెల వైపు చూసి, "మందు పోసింది నువ్వు గదా. మరి అవి నిన్ను చూసి యాల భయపడల్యా?" అని అడిగింది.

"వాటి మెదడుకి అది అందదు అక్కా. కడుపులో తిప్పితే నోట్లోకి పోయినదాన్నే తప్పు పడుతుంది. ఎవరు పోశారన్నది చూడదు."

"అట్లనా. నేను చూసినా" అంది.

నేను తల దించుకున్నాను. పోదామని లేచాను. ఆమె మూటలోంచి పెద్ద ముద్ద తీసి, పైన ఊరుబిండి అద్ది, నా చేతిలో పెట్టింది.

"యాడికి పోతావు? మొన్నటి నుంచి నువ్వూ తినల్యా, మొగం చూస్తే తెలుస్తాంది. కూచోని తిను సారూ. నువ్వు కడుపు మాడ్చుకుంటే నా గొర్రెలు బలుస్తాయా?"

కూర్చుని తిన్నాను.